దేవునికి అన్నీ తెలిసినప్పుడు పాపాలు ఒప్పుకోవడం ఎందుకు?

ఒప్పుకోలు దేవునికి తెలియని సంగతి తెలపడానికి కాదు, ఆయన ఎదుట మనం దాచుకోవడం మానడానికి. బైబిల్లోని ఇశ్రాయేలు రాజులు సౌలు, దావీదు ఇద్దరూ తాము పాపం చేశామని అన్నవారే. అయితే దేవుని ఆజ్ఞకు విరుద్ధంగా, శత్రువులైన అమాలేకీయుల పశువుల్లో మంచివాటిని మిగిల్చిన సౌలు నెపాన్ని ప్రజల మీదికి నెట్టి, ఒప్పుకున్న తరువాత కూడా పెద్దల ముందు తన గౌరవం నిలబెట్టమని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు (1 సమూయేలు 15). నాతాను ప్రవక్త "ఆ మనుష్యుడవు నీవే" అన్నప్పుడు దావీదు మాత్రం బత్షెబతో చేసిన వ్యభిచారం విషయంలో గాని, ఆమె భర్త ఊరియా హత్య విషయంలో గాని ఒక్క సాకూ చెప్పలేదు.

మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయని 32వ కీర్తనలో దావీదే అంటాడు. ఈ మాటను తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే దాచిన పాపం ముందుగా దెబ్బతీసేది మన ప్రార్థననే. ఒప్పుకుంటే దేవుడు క్షమించి పవిత్రులనుగా చేస్తాడని 1 యోహాను 1:9 హామీ ఇస్తోంది.

కతోలికులు గురువు (ఫాదర్) వద్ద పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, చేస్తారు. ప్రొటెస్టెంట్లు సాధారణంగా నేరుగా దేవునికే విన్నవించుకుంటారు. పద్ధతి ఏదైనా, తోటివానికి చేసిన నష్టాన్ని పూడ్చాలన్న తపన లేని ఒప్పుకోలు అసంపూర్ణమే. పన్ను వసూలుదారుడైన జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని యేసు ఎదుటే నిలబడి చెప్పాడు (లూకా 19:8).