ఫ్రిజ్ నడుస్తున్నా ఇన్సులిన్ ఎందుకు పాడవుతుంది?

ప్రశ్న: దేవరకొండలో చిన్న మెడికల్ షాపు నడుపుతున్నాను. పైన రేకులు. ఇన్సులిన్ ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే పెడుతున్నా, "షుగర్ తగ్గుతలేదు, మందు పనిచేస్తలేదు" అని కొందరు తిరిగొస్తున్నారు. ఫ్రిజ్ బాగానే ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: ముందు ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో ఏ మూల పెట్టారో చూడండి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలం వస్తే మందు వేడెక్కుతుందని నాబ్ చివరిదాకా తిప్పేస్తుంటారు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింది ట్రేలోనో, వెనక గోడకు ఆనించో పెట్టిన డబ్బాలు రాత్రికి రాత్రే గడ్డకట్టొచ్చు. పొద్దున తలుపులు తీసి తీసి అమ్ముతుంటే అది కరిగిపోయి, చూడ్డానికి మామూలుగానే కనిపించొచ్చు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు, దాన్ని అమ్మకూడదు.

మధ్య అరలో, గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెట్టండి. తలుపు అరల్లో మందులు వద్దు. అక్కడ నీళ్ల సీసాలు నింపి పెడితే కరెంటు పోయినప్పుడు చల్లదనం కొంతసేపు నిలుస్తుంది. టిఫిన్ డబ్బాలు, పాల ప్యాకెట్లు ఆ ఫ్రిజ్‌లో పెట్టనే పెట్టొద్దు, వాటికోసమని మాటిమాటికీ తలుపు తీస్తారు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపే డిజిటల్ థర్మామీటర్ కొని, దాని తీగ కొసను ఇన్సులిన్ డబ్బాల మధ్య ఉంచండి. షాపు తెరవగానే ఒకసారి, మూసేముందు ఒకసారి నోట్‌బుక్‌లో రాయండి. పొద్దున రాసే కనిష్ఠమే అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి ఏం జరిగిందో చెప్పేది అదే. అది సున్నాకి దిగిందంటే ఆ స్టాకు వెంటనే పక్కన పెట్టి డిస్ట్రిబ్యూటర్‌కు చెప్పండి.

రెగ్యులర్ ఇన్సులిన్ నీళ్లలా తేటగా ఉండాలి. 30/70 మిక్స్‌ను (రెండు రకాల ఇన్సులిన్ కలిపిన మందు) అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే అంతా ఒకే తెలుపు రావాలి. పలుకులు తేలినా, సీసా లోపలి గోడకు తెల్లగా అంటుకున్నా అది పాడైనట్టే. చూడ్డానికి బాగున్నంత మాత్రాన మంచిదని నమ్మకండి.

కరెంటు పోతే తలుపు తీయకండి. 8 డిగ్రీలు దాటేలా ఉంటే ఐస్ ప్యాకులున్న థర్మాకోల్ పెట్టెలోకి మార్చండి, ఐస్ నేరుగా తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టండి. డిండి, చందంపేట బస్సెక్కేవాళ్లకు కూడా అలాగే కట్టి ఇవ్వండి. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లు సీసాను మూత గట్టి డబ్బాలో వేసి, తడిపిన ఇసుకలో కుదిర్చిన చిన్న కుండలో దాచుకోవచ్చు. వాడుతున్న సీసా మామూలుగా నాలుగు వారాలే, లేబుల్ మీద వేరేగా ఉంటే అదే లెక్క. షుగర్ తగ్గకపోవడానికి ఇంజెక్షన్ వేసే తీరు, డోసు కూడా కారణం కావచ్చు. అలాంటివాళ్లను డాక్టరు దగ్గరికి పంపండి, యూనిట్లు పెంచమని మీరు చెప్పకండి.

రేకుల సంగతి: మాత్రల డబ్బా మీద 30 డిగ్రీలకు మించొద్దని రాసి ఉంటే మీ షాపులో ఏప్రిల్, మే నెలల్లో అది కుదరదు. ఫాల్స్ సీలింగ్, ఏసీ తప్పవు. పడమటి గోడకు మందుల ర్యాకులు పెట్టకండి.

ప్రశ్న: కల్వకుర్తిలో మాకు ఐదు మాత్రలు కత్తిరించి ఇస్తే ఆ ముక్క మీద తేదీ ఉండట్లేదు. ఎలా నమ్మాలి?

జవాబు: స్ట్రిప్‌ను బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ లేని కొస నుంచే కత్తిరించాలి. తేదీ ఉన్న ముక్క ఆఖరిదాకా షాపులోనే ఉండాలి. మీరు ఆ ముక్క చూపించమని అడగండి, బ్యాచ్, తేదీ రాసిన బిల్లు తీసుకోండి. 05/2027 అని ఉంటే మే 31 దాకా వాడొచ్చు. మాత్ర ఉన్న గుంట మీదుగా కత్తెర పడితే తేమ తగులుతుంది, ఆ మాత్ర తీసుకోవద్దు.

ప్రశ్న: పాపకు 10 కిలోలు. జ్వరానికి పారాసిటమాల్ డ్రాప్స్, సిరప్ ఒకటేనా? (అచ్చంపేట)

జవాబు: మందు ఒకటే, గాఢత వేరు. డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.లో 100 మి.గ్రా., సిరప్‌లో 5 మి.లీ.లో 125 లేదా 250 మి.గ్రా. ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున మీ పాపకు ఒక్కోసారి 100 నుంచి 150 మి.గ్రా. చాలు. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 మి.లీ. పోస్తే 500 అవుతుంది, అది ప్రమాదం. అలా పడితే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ సీసాతో వచ్చిన మూత, డ్రాపరే వాడండి, ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. ఎన్ని మి.లీ. పోయాలో షాపులోనే సీసా మీద తెలుగులో రాయించుకోండి.