డ్రమ్స్ మొదలుపెట్టబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ బుక్ చేశావని, వచ్చే వారం వేదాయపాళెం ఇంటికి వస్తోందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఉద్యోగంలో చేరిన ఏడాదిలోనే సొంత డబ్బుతో కొనుక్కున్నావట. మా రోజుల్లో ఒంగోలు ట్రూపుల్లో ఆడపిల్లలు మైకు ముందు పాడేవాళ్ళే గాని, వెనక కూర్చుని డ్రమ్స్ వాయించినవాళ్ళని నేను చూడలేదు. మన ఇంటి పిల్ల ఆ స్టూలు మీద కూర్చోబోతోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అయినా రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు చిన్న చిన్న సంగతులు అయిపోనీ. కిట్ బిగించడం వీడియో చూసి చేసుకోగలవు. కూర్చున్నప్పుడు తొడలు మోకాళ్ళ వైపు కొంచెం కిందికి వాలేలా స్టూలు ఎత్తు పెట్టుకో. స్టిక్స్ 5ఏ సైజు తీసుకో. కిట్‌తో వచ్చిన అడాప్టరు తప్ప వేరేది పెట్టకు. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసెయ్. కిట్‌లో మధ్యన ఉండే స్నేర్ డ్రమ్‌కైనా వల లాంటి పైపొర, అంటే మెష్ హెడ్, ఉందా అని మీ అమ్మని అడిగితే ఆమెకి తెలియలేదు. రబ్బరు ప్యాడ్ అయితే గట్టిగా కొట్టకు, మణికట్టు పట్టేస్తుంది. 1980ల మొదట్లో సిమన్స్ అనే కంపెనీ వాళ్ళ ఆరు మూలల ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు వచ్చాయి. అవి బల్ల చెక్కలాగా గట్టిగా ఉండి, వాయించినవాళ్ళకి చేతి నొప్పులు తెచ్చిపెట్టాయి. 1997లో రోలాండ్ కంపెనీ వాళ్ళు ఆ మెష్ హెడ్ తెచ్చాక చేతులకి సుఖం వచ్చింది. నేను మాత్రం ఆక్టోప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ ప్యాడ్ల పెట్టె రబ్బరు మీదే బతికాను. ఇప్పటికీ చలికాలం పొద్దున్నే కుడి చెయ్యి పిడికిలి పడదు.

చేతుల సంగతికొస్తే, మొదటి నెల పాటల జోలికి పోవద్దు. స్నేర్ ఒక్కటే పెట్టుకుని, టిక్ టిక్‌మని లయ వేసే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకుని, నోటితో తకధిమి తకధిమి అంటూ వాయించు. చేతులు మాత్రం కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ అని నడవాలి. దీన్నే పారడిడిల్ అంటారు. చిన్నప్పుడు రామాలయంలో భజన జరిగితే నువ్వు తాళాలు లాక్కుని వాయించేదానివి. అందుకని లయ నీకు కొత్త కాదు. ఎడమ చెయ్యి కుడి చేతితో సమానంగా పలికితే చాలు, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. నీ తొందర నాకు తెలుసు. 60 మీద తడబడకుండా వచ్చేదాకా 70కి వెళ్ళకు.

కింద వాటాలో ఎవరున్నారో మీ అమ్మ చెప్పలేదు. ఎలక్ట్రానిక్ కిట్ కదా, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చప్పుడే ఉండదని అమ్మేవాళ్ళు చెప్తారు. నీకు ఉండదు, కింద వాళ్ళకి ఉంటుంది. కిక్ పెడల్ తొక్కినప్పుడల్లా ఆ దెబ్బ స్లాబ్‌లోంచి దిగి వాళ్ళ సీలింగ్ దగ్గర ధబ్ ధబ్‌మని వినపడుతుంది. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య టెన్నిస్ బంతులు బిగించి దాని మీద కిట్ పెడితే ఆ అదురు చాలావరకు తగ్గుతుంది. ఎవరినైనా పెడల్ తొక్కమని చెప్పి, నువ్వు కింద వాళ్ళింట్లోకి వెళ్ళి విను. కాసిని పళ్ళు పట్టుకెళ్ళు. ఏ వేళల్లో వాయించుకోవచ్చో వాళ్ళనే అడుగు.

ఇక నా నిద్ర పాడుచేసిన సంగతి. మీ నాన్న ఇది నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

మీ నాన్న మా ట్రూపులో డ్రమ్స్ వాయించాడని నీకు తెలుసు, ఫోటో చూశావు. ఎందుకు మానేశాడో తెలియదు. పెళ్ళయ్యాక బాధ్యతలు పెరిగి మానేశానని చెప్తాడు. అది నిజం కాదు. మేము పొదిలి, కనిగిరి, దర్శి వైపు పందిళ్ళన్నీ తిరిగేవాళ్ళం. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల దగ్గర ప్రోగ్రాం ఉండేది. ఒక్కో ప్రభకి ఒక్కో జనరేటరు, ఒక్కో మైక్ సెట్టు. పక్క ప్రభ పాట మన పాట మీద పడుతుండేది. మీ నాన్నకి ఎడమ పక్కనే మానిటర్ స్పీకర్ పెట్టేవాళ్ళు. తన డ్రమ్స్ చప్పుడుకి పాట వినపడక, "అన్నా, ఇంకొంచెం పెంచమను" అనేవాడు. పెంచేవాళ్ళు. రెండు పాటలు కాగానే మళ్ళీ అడిగేవాడు. నిజానికి స్పీకరు చప్పుడు తగ్గలేదు, వాడి చెవి అలిసిపోయింది. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

ప్రోగ్రాం అయ్యాక వ్యానులో కూర్చుంటే చెవిలో గుయ్యిమంటోందని అనేవాడు. పొద్దున్నకి తగ్గిపోయేది. తగ్గిపోతోంది కదా అని మళ్ళీ మళ్ళీ అదే చేశాడు. దూది పెట్టుకోరా అంటే తాళం సరిగ్గా వినపడదని తీసి పారేసేవాడు. ఒక శివరాత్రి తర్వాత ఆ హోరు ఇక తగ్గలేదు. డాక్టరు పరీక్ష చేసి, లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలు దెబ్బతిన్నాయని, అవి మళ్ళీ మొలవవని చెప్పాడు. మందు లేదన్నాడు. వాడికి అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు.

అలాంటి దెబ్బ తగిలితే చెవి ఒక్కసారిగా మూసుకుపోదమ్మా. ముందు పోయేది సన్నని శబ్దాలు. స, త, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు అందవు. చిన్నప్పుడు నువ్వు, నాన్న పిలిస్తే పలకట్లేదని అలిగి మా ఇంటికి వచ్చి కూర్చునేదానివి, గుర్తుందా? వాడు పలక్కపోవడం కాదు తల్లీ. ఎడమ వైపు నుంచి పిలిస్తే నీ గొంతు వాడికి చేరేది కాదు.

నీ ముందు స్పీకర్లు లేవు, నిజమే. కానీ హెడ్‌ఫోన్ అంటే స్పీకర్‌ని తెచ్చి చెవికే కట్టుకోవడం. స్టిక్ ప్యాడ్‌కి తగిలే చప్పుడు, ఫ్యాన్ హోరు దాటి వినపడాలని నువ్వూ వాల్యూమ్ పెంచుతావు, అచ్చం మీ నాన్నలాగే. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. ఆ 3 పెరిగిన తేడా చెవికి పెద్దగా తెలియనే తెలియదు, భయమంతా అక్కడే.

అందుకని చెవిని పూర్తిగా కప్పేసే హెడ్‌ఫోన్ కొను, బయటి చప్పుడు తగ్గుతుంది. మొదలుపెట్టే ముందే వాల్యూమ్ తక్కువలో పెట్టి, ఆ నాబ్ దగ్గర స్టిక్కర్‌తో గుర్తు పెట్టుకో. మధ్యలో అది దాటకూడదు. ఫోన్‌లో పాట పెట్టుకుని వాయించేటప్పుడు డ్రమ్ వినపడకపోతే పాట తగ్గించు, డ్రమ్ పెంచకు. కిట్ శబ్దాలు పలికించే పెట్టెని మాడ్యూల్ అంటారు, అందులో సెన్సిటివిటీ అని ఉంటుంది, అది పెంచుకుంటే మెల్లగా కొట్టినా పలుకుతుంది. చెవికీ మంచిదే, చేతికీ మంచిదే, కింద వాళ్ళకీ మంచిదే. అరగంటకి ఒకసారి హెడ్‌ఫోన్ తీసి కాసేపు బయట తిరిగిరా. చెవిలో ఏ మాత్రం గుయ్యిమన్నా ఆ రోజుకి ఆపెయ్. పొద్దున్నకి తగ్గిందని సరిపెట్టుకోకు, నాకు ఫోన్ చెయ్.

నువ్వు అన్నం తినేటప్పుడు కూడా చెవుల్లోంచి ఆ ఇయర్‌ఫోన్లు తియ్యవు. మొన్న సంక్రాంతికి మీ పెద్దమ్మ అరిసె తెచ్చి పక్కన నిలబడి మూడుసార్లు పిలిచింది. నేను అప్పుడు విసుక్కున్నాను. నువ్వు మొహం చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయావు. నీ మీద కోపం కాదమ్మా అది. మీ నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు, ఆ పిలుపు వాడికీ వినపడలేదు. మీ ఇద్దర్నీ అలా చూసేసరికి ఆగలేకపోయాను.

డ్రమ్స్ మానుకోమని నేను చెప్పను. మీ నాన్న చేతిలో ఉన్న రోల్, అంటే ఆగకుండా దొర్లే దెబ్బల వరస, నాకు ఎన్నడూ రాలేదు, అది నీకు రావాలి. వాడినే అడుగు. మొదట కసురుకుంటాడు, అయినా వదలకు. కుడి పక్కన కూర్చుని అడుగు.

కిట్ పెట్టె విప్పకముందే నెల్లూరులో ఎవరైనా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకో. గదిలో కూర్చోబెట్టి సన్నని శబ్దాలు వినిపిస్తారు, నొప్పేమీ ఉండదు. రిపోర్టు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్. ఏడాది తర్వాత మళ్ళీ చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. డబ్బులు ఈ రోజే పంపుతున్నాను, వద్దనకు. శనివారం నీకు సెలవే కదా, ఆ రోజే వెళ్ళు.

మీ పెదనాన్న,
ఒంగోలు