మంత్రాలు ఒక దారి, పెదవులు ఒక దారి!

ప్రశ్న: అక్క పెళ్లి సగం నేను ఫోన్‌లో తీశాను, సగం బాబాయి పాత హ్యాండీక్యామ్‌తో తీశారు. ఎడిటింగ్‌లో వేస్తే ఫోన్ వీడియోలో మంత్రాలకీ పంతులుగారి పెదవులకీ పొంతన లేదు. హ్యాండీక్యామ్ ఎంటీఎస్ ఫైళ్లు అసలు తెరుచుకోవట్లేదు. టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండమ్మా, రెండూ బాగయ్యేవే. వెలుతురు తగ్గినప్పుడల్లా ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల (విడి బొమ్మల) సంఖ్యను మార్చేస్తుంటాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో మొదటి నుంచి చివరిదాకా ఒకటే వేగం అనుకుంటుంది, అందుకే వీడియో సాగేకొద్దీ మాట జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, వీడియో విభాగంలో ఫ్రేమ్‌రేట్ 30 పెట్టి, ‘కాన్‌స్టంట్’ ఎంచుకోండి. క్వాలిటీ దగ్గర ఆర్ఎఫ్ 18 చాలు. ఆ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైలు సైజూ రెండూ పెరుగుతాయి.

ఎంటీఎస్ అంటే సోనీ, పానసోనిక్ 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ అనే వీడియో రికార్డింగ్ పద్ధతిలో తయారయ్యే ఫైలు. చాలామంది ఇక్కడే నష్టపోతారు: కార్డులోంచి వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకుంటారు. అలా చేయొద్దు, ఫోల్డర్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేయండి, ఎందుకంటే పొడవాటి షాట్‌ను కెమెరా ముక్కలుగా దాస్తుంది, వాటిని కలిపే వివరాలు పక్క ఫైళ్లలో ఉంటాయి. తర్వాత అదే హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4గా మార్చండి, ఈసారి ఫ్రేమ్‌రేట్ ‘సేమ్ యాజ్ సోర్స్’. మనుషులు కదిలేచోట దువ్వెన పళ్లలా గీతలొస్తే ఫిల్టర్లలో డీఇంటర్లేస్ ఆన్ చేయండి.

ఎడిటింగ్ పూర్తయ్యేదాకా కార్డు మాత్రం చెరపకండి.