పాస్‌పోర్టు బ్రిటన్‌దే, ప్రవేశం మాత్రం లేదు

ప్రశ్న: కెన్యా స్వతంత్రమయ్యాక అక్కడి భారతీయులలో కొందరిని, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా, బ్రిటన్‌లోకి రానివ్వలేదని చదివాను. ఒక దేశం తన పౌరులనే ఎలా ఆపగలిగింది? 1936లో మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసినా, శ్రీకాకుళం వైపు మా చుట్టాల ఇళ్లకు రాకపోకలు ఆగలేదు కదా!
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, మీ ఊరి విషయంలో మారింది రాష్ట్రపు హద్దు. కెన్యాలో 1963 డిసెంబరు 12న దేశమే మారింది. అక్కడ పుట్టి, తల్లిదండ్రులలో ఒకరైనా అక్కడే పుట్టినవారు సహజంగా కెన్యా పౌరులయ్యారు. మిగిలినవారు దరఖాస్తు చేసుకోవడానికి రెండేళ్ల గడువు ఇచ్చారు. చాలామంది భారతీయులు దరఖాస్తు చేయక బ్రిటిష్ పౌరులుగానే ఉండిపోయారు.

కామన్వెల్త్ పౌరుల రాకను తొలిసారి నియంత్రించిన 1962 చట్టం, పాస్‌పోర్టు ఇచ్చింది లండన్ ప్రభుత్వమా, వలస పాలనా యంత్రాంగమా అని చూసేది. స్వాతంత్ర్యం తరువాత కెన్యాలో వలస ప్రభుత్వమే లేదు. బ్రిటిష్ హైకమిషన్ ఇచ్చే పాస్‌పోర్టు లండన్ ఇచ్చినట్లే లెక్క కనుక ఆ నియంత్రణ వీరిని తాకలేదు. 1967లో కెన్యా, పౌరులు కానివారి ఉద్యోగాల మీద, వ్యాపారాల మీద ఆంక్షలు పెట్టడంతో వేలాది మంది లండన్ విమానాలెక్కారు.

అప్పుడు హోంమంత్రి జేమ్స్ కలహాన్ తెచ్చిన బిల్లు మూడు రోజుల్లో పార్లమెంటు దాటి, 1968 మార్చి 1న చట్టమైంది. పాస్‌పోర్టు ఉన్నా సరే, తాను గానీ, తల్లిదండ్రులలో లేదా తాతామామ్మలలో ఒకరు గానీ బ్రిటన్‌లో పుట్టి ఉండాలి, లేదా అక్కడ పౌరసత్వం పొంది ఉండాలి అన్నది దాని సారాంశం. చట్టంలో రంగు ప్రస్తావన ఎక్కడా లేదు. అయినా తాత ఇంగ్లండులో పుట్టిన తెల్ల రైతుకు తెరుచుకున్న తలుపు, తాత గుజరాతులో పుట్టిన దుకాణదారుకు మూసుకుపోయింది. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. అలా ఆగిపోయినవారికి ఏటా 1,500 కుటుంబ పెద్దలకు మాత్రమే వోచర్లు, అంటే ప్రవేశ అనుమతి పత్రాలు, కేటాయించారు.

ఇక 'ఎలా ఆపగలిగింది' అన్న మీ ప్రశ్నకు వస్తే, బ్రిటన్‌కు పార్లమెంటును కట్టడి చేసే లిఖిత రాజ్యాంగం లేదు. కాబట్టి పౌరసత్వాన్ని ఉంచి, ప్రవేశ హక్కును మాత్రం తీసేసే చట్టాన్ని కొట్టివేసే అధికారం అక్కడి న్యాయస్థానాలకు లేదు. సొంత పౌరులకు ప్రవేశం నిరాకరించరాదన్న యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందపు నాలుగో ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) మీద బ్రిటన్ 1963లో సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు. అందుకే బాధితులు మరో దారిన, అసలు ఒప్పందం నిషేధించిన అవమానకర ప్రవర్తన కింద ఫిర్యాదు చేశారు. యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ 1973 నివేదికలో ఆ చట్టం జాతి వివక్షేనని తేల్చింది. వేరే ఏ పౌరసత్వమూ లేక మిగిలిపోయినవారికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం నమోదు చేసుకునే హక్కు మాత్రం 2002 చట్టంతో గానీ రాలేదు.