గండమ్‌లో అందరూ మర్చిపోయే పైలట్ ర్యూ హోసే

ప్రశ్న: జెయింట్ రోబో యానిమేల్లో (పెద్ద రోబోలుండే జపనీస్ కార్టూన్ సిరీసుల్లో) హీరో కాకుండా, హీరో పక్కన ఉండే పైలట్లలో మీకు బాగా గుర్తుండిపోయింది ఎవరు? ఎందుకు?

(స్పాయిలర్లు ఉన్నాయి, అంటే కథలో ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తాను. నలభై ఏళ్లు దాటిన సిరీసే అయినా, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

ఈ ప్రశ్న ఎక్కడ కనిపించినా జవాబుల్లో రెండు పేర్లు ముందుంటాయి. ఒకటి గురెన్ లగన్ అనే సిరీస్‌లో కమినా, రెండోది మాక్రాస్ అనే సిరీస్‌లో రాయ్ ఫోకర్. ఇద్దరూ నాకూ ఇష్టమే. కమినా ఎనిమిదో ఎపిసోడ్‌లో పోయినప్పుడు రెండు రోజులు ఆ సిరీస్ మళ్లీ పెట్టబుద్ధి కాలేదు. అయినా నా ఓటు మాత్రం ర్యూ హోసేకే. 1979 ఏప్రిల్ నుంచి 1980 జనవరి దాకా జపాన్ టీవీలో వచ్చిన మొట్టమొదటి 'మొబైల్ సూట్ గండమ్'లో ఉంటాడు. గండమ్ అభిమానుల్లో కూడా చాలామందికి అతని పేరు చెబితే "ఎవరూ, ఆ లావుగా ఉండే అతనా?" అంటారు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. భూమి వైపున్న ఫెడరేషన్‌కీ, అంతరిక్ష కాలనీల రాజ్యం జియోన్‌కీ మధ్య యుద్ధం. సైడ్ 7 అనే అంతరిక్ష కాలనీ మీద దాడి జరిగి, వైట్ బేస్ అనే ఓడలోని అసలు సైనికుల్లో చాలామంది చనిపోతారు. మిగిలిన ఓడను నడిపేది ఎవరయ్యా అంటే పంతొమ్మిదేళ్ల బ్రైట్ నోవా. గండమ్ రోబోను నడిపేది పదిహేనేళ్ల అమురో రే. చుట్టూ శరణార్థులు, పిల్లలు, ముసలివాళ్లు. ఇంతమందిలో పైలట్ శిక్షణలో ఉన్న కుర్రాడు ర్యూ ఒక్కడే ఉంటాడు. వయసు పద్దెనిమిది. మొదటిసారి చూసినప్పుడు ముప్పై ఏళ్ల మనిషి అనుకున్నాను. ఆ ఆకారం, ఆ గొంతు అలాంటివి. గొంతు ఇచ్చింది షోజో ఈజుకా. డ్రాగన్ బాల్ జీ జపనీస్ వెర్షన్‌లో నప్పాకు గొంతు ఇచ్చింది కూడా ఈయనే. 2023లో చనిపోయారు.

అప్పటి రోబో సిరీసుల్లో టీములో ఒక లావాటి బలశాలి తప్పకుండా ఉండేవాడు. 1974 గెట్టర్ రోబోలో ముసాషి, ఆ తర్వాత కాంబాట్లర్ వీ, వోల్టెస్ ఫైవ్‌లలోనూ అదే వరస. బాగా తింటాడు, నవ్విస్తాడు, బరువులు ఎత్తుతాడు. ర్యూను కూడా పైకి ఆ అచ్చులోనే గీశారు. కానీ దర్శకుడు తొమినో అతని చేత చేయించిన పని వేరు. అసలు నేను ఈ జవాబు రాస్తున్నదే ఆ పని గురించి.

బ్రైట్‌కి అమురో అంటే పడదు. అమురోకి బ్రైట్ అంటే మంట. తొమ్మిదో ఎపిసోడ్‌లో అమురో నేను యుద్ధానికి వెళ్లనని భీష్మించుకుంటే బ్రైట్ చెంప పగలగొడతాడు. గండమ్ అనగానే అందరూ చెప్పుకునే సీన్ అదే. ఇలాంటి ఇద్దరి మధ్య ఇరవై ఎపిసోడ్ల పాటు ర్యూ తిరుగుతుంటాడు. బ్రైట్ దగ్గరికి వెళ్లి అమురో చిన్నపిల్లాడని గుర్తు చేస్తాడు. అమురో దగ్గరికి వెళ్లి బ్రైట్ మీద ఎంత భారం ఉందో చెప్తాడు. ఓడలోని మిగతా కుర్ర పైలట్లలో కాయ్ వెటకారం చేస్తే అదుపు చేస్తాడు, హయాతో ముఖం ముడుచుకుంటే పలకరిస్తాడు. వీటిలో ఏదీ పెద్ద సీన్ కాదు. ఒక్కోటి అర నిమిషం ఉంటుందేమో. వెనక పాట ఉండదు, క్లోజప్ ఉండదు. మొదటిసారి చూసేటప్పుడు ఫోన్ చూసుకుంటూ వదిలేసే సీన్లు ఇవి.

అతనికి ఇచ్చిన రోబో కూడా అలాంటిదే. గన్‌ట్యాంక్‌కి కాళ్లుండవు, ట్యాంకులాంటి చక్రాల పట్టీల మీద పాకుతుంది. ఇద్దరు మనుషులు కావాలి. తల భాగంలో కూర్చున్న హయాతో ఫిరంగులు పేలుస్తుంటే, కింద పొట్ట భాగంలో కూర్చుని బండి నడిపేది ర్యూ. గురి పెట్టేది ఒకడు, ఆ గురి కుదిరే చోటికి బండిని చేర్చేది ఇంకొకడు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. లేకపోతే ఇంత మామూలు పాత్ర మీద ఇంత మోజెందుకో అర్థం కాదు. హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ టీములో నైట్ షిఫ్టులు చేసేవాణ్ణి. మా టీములో ఒక సీనియర్ ఉండేవాడు, అందరం 'అన్నా' అనే పిలిచేవాళ్లం. కోడింగ్‌లో గొప్పోడేం కాదు. అతనికంటే తెలివైనవాళ్లు మాలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అందులో ఒకడికీ మా మేనేజర్‌కీ రోజూ గొడవే. సమస్య ముదిరినప్పుడు పెట్టే ఎస్కలేషన్ కాల్‌లో ఇద్దరూ ఒకరినొకరు అనుకున్నాక, అన్న ముందు వాణ్ణి టీకి తీసుకెళ్లేవాడు. అరగంట ఆగి మేనేజర్‌ని ఇంకో టీకి తీసుకెళ్లేవాడు. రాత్రి రెండింటికి ఆ మనిషి ఎన్ని టీలు తాగేవాడో! ఆ టీల గురించి ఏ అప్రైజల్ ఫారంలోనూ రాయడానికి గడి లేదు. అన్న పెళ్లి చేసుకుని బెంగళూరు వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు కేక్ కోశాం, ఫొటోలు దిగాం, అంతే అనుకున్నాం. కొన్నాళ్లకే ఆ తెలివైనవాడు కాల్ మధ్యలో రాజీనామా చేశాడు. మేనేజర్ టీము మార్చమని అడిగి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

ఆ రోజుల్లోనే సబ్‌టైటిల్స్‌తో పాత గండమ్ చూస్తున్నాను. పదిహేడో ఎపిసోడ్‌లో, తనను గండమ్ నుంచి దించేయాలని బ్రైట్, ఓడ నడిపే మిరాయ్ మాట్లాడుకోవడం విని అమురో రోబోతో సహా పారిపోతాడు. తిరిగొచ్చాక ఓడలోనే గదిలో పెట్టి తాళం వేస్తారు. ఆ వెంటనే మిగతా కుర్రాళ్లు కొందరు మాకూ ఈ పెత్తనం వద్దని ఓడ దిగిపోతారు. ఒక పక్క రాంబా రాల్ లాంటి ఆరితేరిన శత్రువు మీద పడబోతున్నాడు, ఇంకో పక్క ఓడలో ఇల్లు చీలిపోతోంది. అప్పుడు కూడా అటూ ఇటూ తిరిగేది ర్యూనే. చూస్తుంటే నాకు మా ఫ్లోర్ కనిపించింది.

ఇరవై ఒకటో ఎపిసోడ్. రాంబా రాల్ చనిపోయాడు. అతని సహచరి హమోన్ పగ తీర్చుకోవడానికి మిగిలిన కొద్దిమందితో దాడికి వస్తుంది. ర్యూ అప్పటికే గట్టిగా గాయపడి మంచం మీద ఉన్నాడు. అమురో గండమ్‌తో ముందు వైపు సతమతమవుతుంటే, హమోన్ వెనక నుంచి మాగెల్లా టాప్‌తో (ట్యాంకు మీద నుంచి విడిపోయి ఎగిరే ఫిరంగి భాగం అది) అతి దగ్గరగా గురి పెడుతుంది. ఇక అయిపోయాడు అనుకునే క్షణంలో కోర్ ఫైటర్ అనే చిన్న విమానం వచ్చి ఆమెను గుద్దుకుంటుంది. అందులో ఉన్నది ర్యూ. ఇద్దరూ పోతారు.

నిజం చెప్పాలంటే ఇలా గుద్దుకుని ప్రాణాలు ఇవ్వడం రోబో యానిమేల్లో కొత్తేం కాదు. ఇదే సిరీస్‌లో తర్వాత 'స్లెగ్గర్ లా' అనే ఇంకో పైలట్ కూడా దాదాపు అలాగే పోతాడు, అది ఇంకా బాగా తీశారు కూడా. నన్ను పట్టుకుంది ఆ తర్వాత వచ్చేది. అందరూ ఇసుకలో నిలబడి ఏడుస్తారు. ఎప్పుడూ గద్దించే బ్రైట్ కూడా ఏడుస్తాడు. తామందరి పోట్లాటల బరువూ ఈ ఒక్కడే మోశాడని అప్పుడు తెలిసొస్తుంది వాళ్లకి. తర్వాతి ఎపిసోడ్‌లో బ్రైట్ అలసటతో జబ్బుపడి కూలిపోతాడు, ఓడ బాధ్యత మిరాయ్ మీద పడుతుంది. ర్యూ లేకపోవడానికీ బ్రైట్ పడిపోవడానికీ సంబంధం ఉందని ఎవరూ నోటితో చెప్పరు. వరసగా చూస్తే మాత్రం తెలిసిపోతుంది.

ఇంకో సీన్. చాలా తర్వాత, దక్షిణ అమెరికాలో ఫెడరేషన్ ప్రధాన స్థావరం జాబురోకి చేరాక, ఈ కుర్రాళ్లందరికీ ర్యాంకులు పంచుతారు. ర్యూకి ఏమిటని అమురో అడుగుతాడు. చనిపోయినవాడికి రెండు ర్యాంకుల ప్రమోషన్ ఇచ్చాంగా అని జవాబు. అంతేనా అని అమురో ఎదురు తిరుగుతాడు. అక్కడ నేను వీడియో ఆపేసి బాల్కనీలోకి వెళ్లాను. కమినాకి విగ్రహం కట్టారు, రాజధానికి అతని పేరే పెట్టారు. ర్యూకి ఒక కాగితం ముక్క. అతను చేసిన పనికి తొమినో ఎంచుకున్న ఈ ముగింపే నాకు ఎక్కువ నిజం అనిపించింది.

చూడాలనుకుంటే ఒక మాట. చాలామంది టైమ్ లేదని 1981, 82ల్లో వచ్చిన మూడు సినిమాలతో మొదలుపెట్టమంటారు. అమురో కథకి అది చాలు. ర్యూ కోసమైతే టీవీ సిరీసే చూడండి. 43 ఎపిసోడ్లను మూడు సినిమాల్లో కుదించినప్పుడు ముందుగా ఎగిరిపోయేవి ఆ అర నిమిషం సీన్లే. బొమ్మ పాతగా ఉంటుంది, కొన్ని చోట్ల మరీ నాసిగా ఉంటుంది. పదిహేనో ఎపిసోడ్ గీసిన తీరు తొమినోకే నచ్చక ఇంగ్లీష్ విడుదలలో ఉంచనివ్వలేదు. దాన్ని వదిలేసినా కథకి నష్టం లేదు. పదహారు నుంచి ఇరవై రెండు దాకా మాత్రం ఒక్క వారాంతంలో కూర్చుని వరసగా చూసేయండి.

ఫోకర్ గురించి ఎవరైనా విడిగా జవాబు రాస్తే బాగుండు. పైనాపిల్ సలాడ్ కోసం ఎదురుచూస్తూ గిటార్ వాయించే ఆ సీన్ గురించి నేను మొదలుపెడితే ఈ జవాబు ఇప్పట్లో తెమలదు.