డేటా బయటపెడితే కెరీర్‌కి దెబ్బా?

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. డేటా, కోడ్ బయటపెడితే ఎవరైనా కొట్టేస్తారని సీనియర్లు భయపెడుతున్నారు. పైగా కొన్ని జర్నల్స్ రివ్యూయర్ల (అచ్చుకి ముందు పేపర్‌ని పరీక్షించే నిపుణుల) కామెంట్లు కూడా అందరికీ కనిపించేలా పెడుతున్నాయి. నా పేపర్‌ని ఏకిపారేసిన రిపోర్టు రేపు ఇంటర్వ్యూ చేసేవాళ్ల కంటపడితే నా గతేంటి?

జవాబు: ముందు ఆ రిపోర్టు టెన్షన్ వదిలేయండి. నేచర్ కమ్యూనికేషన్స్ 2022 నవంబర్ నుంచి, నేచర్ 2025 జూన్ నుంచి, కొత్తగా పంపిన పరిశోధనా పేపర్లు అచ్చయితే రివ్యూయర్ల రిపోర్టులు, వాటికి రచయితలు ఇచ్చిన జవాబులు కూడా జతచేసి పెడుతున్నాయి. రివ్యూయర్ పేరు మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే. అంటే మీతో పోటీపడే వాళ్ల ఫైళ్లూ కనిపిస్తాయి. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేవాళ్లు కూడా అలాంటి చీవాట్లు తిన్నవాళ్లే, అందుకే వాళ్లు మీ జవాబు చూస్తారు: అడిగిన ప్రయోగం మళ్లీ చేశారా, చేయలేకపోతే ఎందుకో సూటిగా చెప్పారా, లేక మాట దాటేశారా అని. మీ సబ్జెక్టులో అలాంటి ఫైళ్లు నాలుగైదు తీసి ఇప్పుడే చదవండి.

ఇక డేటా. దాచుకుంటే నష్టం మీకే ఎక్కువని గట్టిగా నమ్ముతాను. ప్రభుత్వ అప్పులు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో వృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని రైన్‌హార్ట్, రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు 2010లో రాశారు. థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి క్లాసు అసైన్‌మెంట్ కోసం ఆ లెక్క మళ్లీ చేయబోతే ఎంతకీ కుదరలేదు. అడిగితే వాళ్లు ఎక్సెల్ షీటు పంపారు, తెరిచి చూస్తే సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు లేవు! దాన్నీ, సగటులో ఏ దేశానికి ఎంత బరువివ్వాలో లెక్కగట్టిన పద్ధతినీ, వదిలేసిన డేటానీ సరిచేస్తే అతనికి వచ్చింది 2.2 శాతం. ఎక్సెల్ తప్పుని వాళ్లు ఒప్పుకున్నారు, మిగతా వాటిపై వాదించారు. పేపర్ ఎన్నిసార్లు చదివినా దొరికే తప్పు కాదది. మీ షీటులో అలాంటిది ఉంటే మూడేళ్ల తర్వాత దొరకడం మంచిదా, ఈ నెలలోనే దొరకడం మంచిదా చెప్పండి.

దొంగతనం భయానికి మందు తేదీ. ఆర్కైవ్ (arXiv, 1991 నుంచి ఉన్న వెబ్‌సైట్) లాంటి చోట ప్రీప్రింట్, అంటే జర్నల్‌లో అచ్చవకముందు పేపర్ ప్రతి, పెడితే ఏ రోజు పెట్టారో అందరికీ కనిపిస్తుంది, జెనోడో అనే డేటా నిల్వ వెబ్‌సైట్‌లో పెట్టిన డేటాకి డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) వస్తుంది, వాడుకున్నవాళ్లు దాంతో మీ పేరు చెప్పడం పద్ధతి. అయితే పేషెంట్ల వివరాలున్నా, పేటెంట్ ఆలోచన ఉన్నా ఆగండి; దరఖాస్తు వేయకముందే బయటపెడితే పేటెంట్ చేజారిపోవచ్చు. గైడ్ అనుమతి లేకుండా మాత్రం ఏదీ పెట్టొద్దు, ల్యాబ్ డేటా మీ ఒక్కరి సొత్తు కాదు. "ఇప్పుడే అప్‌లోడ్ చేసి లాక్‌లో ఉంచుదాం, పేపర్ అచ్చయిన రోజు తెరుద్దాం" అని అడిగి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే కనీసం ముడి డేటా ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో, కోడ్ ఇంకోదాంట్లో పెట్టి, ఏది ముందు నడపాలో ఒక పేజీ రాసి, పక్క గ్రూపు ఫ్రెండ్‌ని మీ ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. మీరు నోరు విప్పకుండా మీ గ్రాఫ్ వాళ్లకి రావాలి.