10 గంటల రెస్ట్ తర్వాత కూడా ఈఎల్‌డీలో (ట్రక్కు డ్రైవర్ పనిగంటలు నమోదు చేసే పరికరం) మిగిలినవి 4 గంటలేనా?

పరికరం పాడవలేదు, మీ 70 గంటల కోటా అయిపోవస్తోంది. 10 గంటల రెస్ట్‌తో తిరిగొచ్చేవి 11 గంటల డ్రైవింగ్, 14 గంటల డ్యూటీ మాత్రమే. అమెరికా రూల్‌లో 8 రోజులకు 70 గంటల లెక్క వేరే.

1. ఈరోజు కాకుండా గత 7 రోజుల ఆన్‌డ్యూటీ గంటలు కూడండి. చాలామంది డ్రైవింగ్ ఒక్కటే కూడతారు, తేడా కొట్టేది ఇక్కడే. లోడింగ్ చేయించిన టైమ్, డీజిల్ కొట్టించడం, బండి తనిఖీ చేయడం, అన్నీ కలపాలి.

2. 70లోంచి తీసేయండి. మొత్తం 66 అయితే మిగిలేవి 4.

3. సాధారణంగా అర్ధరాత్రికి అన్నిటికంటే పాత రోజు లెక్కలోంచి పోతుంది. ఆ రోజు 9 గంటలు చేసుంటే, ఈరోజు 4 వాడేసినా రేపటికి 9 ఉంటాయి.

ఆ గంటలు చాలకపోతే వరుసగా 34 గంటలు ఆఫ్‌డ్యూటీ తీసుకోండి, 70 మొదటినుంచి మొదలవుతుంది.